త్యాగయ్య పాటను కృష్ణ ఒడ్డున నిలబెట్టిన పంతులు గారు: పారుపల్లి రామకృష్ణయ్య పంతులు జీవితం



ఈ వారం వీడియోలో పుష్య బహుళ పంచమి గురించి, త్యాగరాజ స్వామి వారి ఆరాధన గురించి చెప్పుకున్నాం కదా. అందులో ఒక పేరు అలా వచ్చి ఇలా వెళ్లిపోయింది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. వీడియోలో ఆయనకి ఒక్క నిమిషమే ఇవ్వగలిగాం. కానీ ఆ ఒక్క నిమిషంతో సరిపెట్టే జీవితం కాదు అది. అందుకే ఈ పోస్టు పూర్తిగా ఆయనకే.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. త్యాగయ్య గారు పాడింది తెలుగులో. ఆయన ఇంటిపేరు కాకర్ల, పూర్వీకులు తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లు. కానీ ఆయన పుట్టింది, పెరిగింది, 1847లో సిద్ధి పొందింది అంతా తంజావూరు సీమలోనే. శిష్యులు కూడా ఎక్కువగా ఆ చుట్టుపక్కల వాళ్లే. ఉమయాళ్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట అని ఆ శిష్య పరంపరలకు పేర్లు. అంటే పాట తెలుగే, కానీ ఆ పాట పాడే పద్ధతి కావేరి ఒడ్డున ఉండిపోయింది. మరి అది మన కృష్ణ ఒడ్డుకి ఎలా వచ్చింది? ఎవరు తెచ్చారు? తెచ్చాక ఎవరు నిలబెట్టారు?

తెచ్చింది ఒక గురువు గారు. నిలబెట్టింది ఆయన శిష్యుడు. ఆ శిష్యుడే మన పంతులు గారు.

కాగితం మీద దొరకనిది

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. ఇప్పుడు మనకి ఏ కృతి కావాలన్నా ఫోన్‌లో దొరుకుతుంది. ఒకే కృతి నలభై మంది పాడినవి వినొచ్చు. ఆ రోజుల్లో అలా కాదు. స్వరాలతో అచ్చయిన పుస్తకాలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. సుబ్బరామ దీక్షితుల వారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఎట్టయపురంలో, అదీ తెలుగు లిపిలో, అచ్చయింది 1904లో. అయినా పుస్తకంలో ఉండేది స్వరం. ఆ స్వరాన్ని ఎంత ఊపాలి, ఎక్కడ ఆపాలి, ఒక పాదానికి ఎన్ని సంగతులు వెయ్యాలి, ఏ సంగతి తర్వాత ఏ సంగతి రావాలి, ఇవన్నీ నోటి నుంచి చెవికి రావాల్సిందే. దీన్నే పెద్దవాళ్లు పాఠాంతరం అంటారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పాఠాంతరం అన్నమాట.

కాబట్టి మధ్యలో ఒక్క గురువు శిష్యుల్ని తయారు చేయకుండా వెళ్లిపోతే ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. పుస్తకం మిగులుతుంది, పాట మిగలదు. పంతులు గారి జీవితంలో పణంగా ఉన్నది ఇదే. ఆయన పెద్ద విద్వాంసుడు, నిజమే. కానీ ఆయన పేరు ఈరోజుకీ చెప్పుకోవడానికి కారణం ఆయన చేసిన కచేరీలకంటే ఆయన చెప్పిన పాఠాలే.

ఏటి ఒడ్డు ఊళ్లు

రామకృష్ణయ్య పంతులు గారు 1882 డిసెంబరులో కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో పుట్టారు. ఉత్తరాంధ్రలో ఉన్న శ్రీకాకుళం కాదండి, ఇది ఘంటసాల మండలంలో, కృష్ణానది ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు కొలువై ఉన్నాడు. శ్రీకృష్ణదేవరాయల వారికి కలలో కనిపించి ఆముక్తమాల్యద తెలుగులో రాయమని ఆజ్ఞాపించిన స్వామి ఆయనే అని మన సాహిత్యం చెబుతుంది. అంటే తెలుగులోనే నన్ను కొలవమని దేవుడు అడిగిన ఊళ్లో పుట్టిన పిల్లవాడు, తెలుగు కృతుల్ని కాపాడే పనిలో పడ్డాడు. ఇది కాకతాళీయం అనుకునేవాళ్లు అనుకోవచ్చు, స్వామి దయ అనుకునేవాళ్లు అలా అనుకోవచ్చు.

ఆ చుట్టుపక్కల నేలే వేరు. దగ్గర్లోనే మొవ్వ, క్షేత్రయ్య గారి ఊరు. ఆ పక్కనే కూచిపూడి. ఇంకొంచెం కిందికి వస్తే మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి. మోపిదేవి దగ్గర పెదకళ్ళేపల్లి. నాగేశ్వరస్వామి కొలువున్న ఊరు, దక్షిణ కాశి అని పిలుచుకునే క్షేత్రం. రేపల్లె వైపు మన వ్యూయర్స్‌కి ఇది కొత్త కాదు. పెనుమూడి దగ్గర పులిగడ్డ వంతెన దాటితే అవతలి ఒడ్డున ఈ ఊళ్లే కదా.

ఆ పెదకళ్ళేపల్లిలోనే సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు ఉండేవారు. ఈయన చిన్నప్పుడే సంగీతం కోసం తంజావూరు సీమకు వెళ్లారు. అక్కడ మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర నేర్చుకున్నారు. ఆ వెంకటసుబ్బయ్య గారు ఎవరంటే త్యాగయ్య గారి బంధువు, ఆయనకి స్వయంగా శిష్యుడు. ఇంటిపేరు ఆకుమడుగుల, మన తెలుగువారే. మహా వైద్యనాథ అయ్యర్, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ లాంటి మహా విద్వాంసులు కూడా ఈయన శిష్యులే. అలాంటి ఇంట్లో నేర్చుకున్న శాస్త్రి గారు తర్వాత కృష్ణ ఒడ్డుకు తిరిగి వచ్చారు. తాను నేర్చుకున్నది ఇక్కడి పిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు.

ఆ పిల్లల్లో ఒకరు రామకృష్ణయ్య గారు.

ఇప్పుడు లెక్క చూడండి. త్యాగయ్య గారు, ఆయన శిష్యుడు వెంకటసుబ్బయ్య గారు, ఆయన శిష్యుడు దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన శిష్యుడు పారుపల్లి వారు. త్యాగయ్య గారు సిద్ధి పొందిన 35 ఏళ్లకు పుట్టినవాడికి, మధ్యలో ఇద్దరే గురువులు. మంచినీళ్లు బావి నుంచి చేద మారకుండా వచ్చినట్టు వచ్చింది ఆ విద్య.

బెజవాడలో ఒక గురుకులం

చదువు అయ్యాక పంతులు గారు విజయవాడలో స్థిరపడ్డారు. అప్పటి బెజవాడ అంటే సంగీతానికి పేరున్న ఊరు కాదు. ఆనకట్ట, రైలు వంతెన, రైల్వే జంక్షన్, వ్యాపారం, ఎండలు, ఇవీ ఆ ఊరి గుర్తులు. మదరాసులో ఉన్నట్టు పాతకాలం సభలు లేవు. విజయనగరంలో ఉన్నట్టు మహారాజా వారి సంగీత కళాశాల లేదు.

పైగా జనం మోజు అప్పుడు నాటకం మీద ఉంది. 1920లు, 30లు అంటే ఈ ప్రాంతంలో పద్యనాటకాల స్వర్ణయుగం. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ తరఫున ఆడవేషం కట్టి స్టేజీ ఎక్కితే జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. హార్మోనియం మీద ఒక పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్ అని అరుపులు. అదీ గొప్ప కళే, తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ అలాంటి రోజుల్లో ఒక మనిషి కూర్చుని, ఒక్క కృతిని వారాల తరబడి, సంగతి సంగతిగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాడు అంటే దానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. చప్పట్లు అక్కడ ఉన్నాయి. పాఠం ఇక్కడ ఉంది.

పంతులు గారి పద్ధతి గురుకుల పద్ధతి. శిష్యులు గురువు గారి దగ్గరే ఉండి నేర్చుకోవడం. ఇది మనం అనుకునే ట్యూషన్ లాంటిది కాదు. గంట క్లాసు, నెలాఖరుకు ఫీజు అనే లెక్క ఇందులో ఉండదు. గురువు గారు పొద్దున్నే సాధన చేస్తుంటే వినాలి. ఆయన ఇంకో శిష్యుడికి చెబుతుంటే వినాలి. కచేరీకి వెళ్తే వెనక కూర్చుని తంబూరా వేయాలి. ఇంట్లో పని ఉంటే చెయ్యాలి. ఇలా విని విని, ఒంటికి పట్టి, అప్పుడు నోటికి వస్తుంది. పిల్లల్ని ఇలా ఏళ్ల తరబడి ఇంట్లో పెట్టుకోవడం అంటే గురువుకి పాఠం ఒక్కటే బాధ్యత కాదు. వాళ్ల తిండి, ఆరోగ్యం, అల్లరి, బెంగ అన్నీ ఆయనవే. గురుపత్ని శ్రమ కూడా అందులో సగం ఉంటుంది, మనం మర్చిపోతాం కానీ.

వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు ఇలా తయారైనవారే. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1926లో పుట్టి, పంతులు గారి దగ్గర చేరి నేర్చుకున్నారు. విజయవాడ ఆకాశవాణి మొదలైన 1948లోనే అందులో చేరి దశాబ్దాల పాటు పనిచేశారు. 2021లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అంటే పంతులు గారు కన్నుమూసిన 70 ఏళ్ల తర్వాత కూడా ఆయన పాఠానికి దేశం దండం పెట్టింది.

గురువు పేరున ఒక ఉత్సవం

పంతులు గారు చేసిన ఇంకో పెద్ద పని సద్గురు ఆరాధనోత్సవాలు. తన గురువు దక్షిణామూర్తి శాస్త్రి గారి స్మృతిగా విజయవాడలో ఈ ఉత్సవాలు జరిపించేవారు.

గురువు గారి మీద భక్తి అంటే ఫోటోకి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి ఊరుకోవచ్చు. ఆయన అలా చెయ్యలేదు. గురువు పేరు చెప్పి విద్వాంసుల్ని ఒక చోటికి పిలిచారు. సంగీతం అంటే మదరాసు వెళ్లి వినాలి అనుకునే ఊరికి సంగీతాన్నే రప్పించారు. ఇలాంటి ఉత్సవం జరగాలంటే ఎంత పని ఉంటుందో మీ వీధిలో వినాయక చవితి కమిటీలో పనిచేసిన వాళ్లకి తెలుస్తుంది. చందాలు, పందిరి, వచ్చినవాళ్లకి బస, భోజనాలు, ఎవరి తర్వాత ఎవరు పాడాలి అనే పేచీలు, వర్షం వస్తే ఎలా అనే భయం. పాడే మనిషి ఇవన్నీ నెత్తిన వేసుకోవడం మామూలు విషయం కాదు. గొంతు కాపాడుకోవాల్సిన వాడు ఊరిని కాపాడాడు.

పంతులు గారు ఆ ఊరికి పాఠం చెప్పడంతో ఆగలేదు, అక్కడి సంగీత లోకానికి పెద్దదిక్కు అయ్యారు. ఆయన పిలిస్తే వచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ తర్వాత జరిగింది జరిగింది.

తల్లి లేని పిల్లవాడు

ఇక అసలు కథకి వద్దాం.

కోనసీమలో శంకరగుప్తం అని ఒక ఊరు. అక్కడ 1930 జులైలో ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రి మంగళంపల్లి పట్టాభిరామయ్య గారు, సంగీతం వచ్చినవారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. బిడ్డ పుట్టిన పదిహేను రోజులకే ఆ తల్లి కన్నుమూసింది. పిల్లవాడి పేరు మురళీకృష్ణ. సుబ్బమ్మ గారు పెంచారు.

తల్లి పాలు లేని బిడ్డకి తల్లి సంగీతం మాత్రం వచ్చింది. చాలా చిన్న వయసులోనే ఏది వింటే అది పాడేవాడట. తండ్రికి సంగీతం వచ్చు, తానే నేర్పుకోవచ్చు. కానీ ఆయన ఒక విషయం గమనించారు. ఈ పిల్లవాడు తన చేతిలో ఇమిడేవాడు కాదు. ఇంతటివాడికి ఇంకా పెద్ద గురువు కావాలి. అందుకే తీసుకెళ్లి పారుపల్లి వారి దగ్గర పెట్టారు.

తన బిడ్డని తనకంటే పెద్దవాడి చేతిలో పెట్టడం తండ్రికి కష్టం. అలా వచ్చిన బిడ్డని తన చేతిలో చెడిపోకుండా పెంచడం గురువుకి ఇంకా కష్టం. ఎందుకంటే బాలమేధావుల సంగతి మనకి తెలుసు కదా. ఈరోజుల్లో అయితే రియాలిటీ షోలో చూస్తున్నాం. ఐదేళ్ల పిల్లాడు పాడితే ఇంటర్నెట్ అంతా ఊగిపోతుంది. పదేళ్లకి ఆ పిల్లాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ముందుగానే మెచ్చుకుంటే గర్వం వస్తుంది. అసలు మెచ్చుకోకపోతే మొక్క వాడిపోతుంది. పాతవన్నీ వల్లె వేయిస్తే సొంత గొంతు పోతుంది. వదిలేస్తే సంప్రదాయం పోతుంది. ఈ నాలుగింటి మధ్య నుంచి పిల్లవాడిని నడిపించాలి.

1938 ఆరాధన

1938లో సద్గురు ఆరాధనోత్సవం వచ్చింది. విద్వాంసులు వచ్చారు. పంతులు గారు అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నారు. తన గురువు గారి స్మృతిలో జరిగే వేదిక మీద ఈ ఎనిమిదేళ్ల పిల్లవాడిని పూర్తి కచేరీకి కూర్చోబెట్టాలని.

ఒక్కసారి ఆయన వైపు నుంచి చూడండి. అది సరదా వేదిక కాదు. గురువు గారికి చేసే పూజ అది. ఎదురుగా కూర్చున్నవాళ్లు తాళం ఒక్క మాత్ర జారినా పట్టేసే మనుషులు. పిల్లవాడు తడబడితే నవ్వేది పిల్లవాడిని చూసి కాదు, గురువుని చూసి. పైగా ఆ తప్పు గురువు గారి గురువు పేరు మీద పడుతుంది. అయినా కూర్చోబెట్టారు. శిష్యుడి మీద నమ్మకం ఒక్కటే ఉంటే చాలదు దానికి. తాను చెప్పిన పాఠం మీద నమ్మకం ఉండాలి.

పిల్లవాడికి ఇచ్చింది అరగంట. పాట మొదలైంది. అరగంట గడిచింది, ఎవరూ ఆపమనలేదు. పాట గంటలకు సాగింది. తర్వాత పాడాల్సిన పెద్దలు కూడా అలాగే కూర్చుండిపోయారు. ఆ సభలో హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు ఉన్నారు. ఆ పిల్లవాడి విద్యకి ముగ్ధులై, అతని పేరు ముందు బాల అని చేర్చారు. మురళీకృష్ణ బాలమురళీకృష్ణ అయ్యింది ఆ రోజే.

ఆ పేరు తర్వాత ఎంత దూరం వెళ్లిందో మీకు తెలుసు. 1967లో వచ్చిన భక్త ప్రహ్లాద సినిమాలో నారదుడు ఆయనే. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని వింటూ లేచిన ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్ని ఉన్నాయో, ఆ కార్యక్రమం వెనక ఉన్నది ఆయనే. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆయనే. 1991లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2016 నవంబరులో చెన్నైలో కన్నుమూసే వరకు తాను త్యాగయ్య గారి పరంపరలో ఐదోవాడినని చెప్పుకోవడం మానలేదు. ఆ ఐదు అనే అంకెలో నాలుగో అంకె మన పంతులు గారు.

వెళ్లిపోయిన తర్వాత

పంతులు గారు 1951 జనవరిలో స్వర్గస్థులయ్యారు. అప్పటికి బాలమురళి గారికి ఇరవై ఏళ్లు. ఆ మరుసటి సంవత్సరం, 1952లో, ఆ శిష్యుడు 72 మేళకర్త రాగాలన్నింటిలోనూ తాను కట్టిన కృతులతో జనకరాగ కృతి మంజరి వెలువరించారు. గురువు గారు దాన్ని పుస్తకంగా చూడలేదు. తోట వేసినవాడు పండు తినకుండానే వెళ్లాడు. మన పెద్దవాళ్లు దీన్ని బాధగా చెప్పుకోరు. చెట్టు పెట్టేది తినడానికి కాదు కదా అంటారు.

ఆయన వెళ్లిపోయేనాటికి బెజవాడ మారిపోయింది. ఊళ్లో రేడియో స్టేషన్ వచ్చింది. అందులో ఆయన శిష్యులు పాడుతున్నారు, వాయిస్తున్నారు. సంగీతం లేని ఊరు అన్నచోట సంగీతానికి చిరునామా ఏర్పడింది. త్యాగయ్య గారి కృతిని కృష్ణ ఒడ్డున నేర్చుకోవచ్చు, తంజావూరు వెళ్లనక్కర్లేదు అనే ధైర్యం వచ్చింది.

మనకేంటి ఇందులో?

మన వ్యూయర్స్‌లో చాలామంది చదువుల్లో, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. వడ్లమూడిలో చదువుకుంటూ హాస్టల్ రూమ్‌లో ఈ వీడియోలు చూసేవాళ్లు ఉన్నారు. హైదరాబాదు, బెంగళూరు ఫ్లాట్లలో పొద్దున్నే పెట్టుకుని వినేవాళ్లు ఉన్నారు. మనందరికీ భక్తి అంటే వినడం, చూడటం, షేర్ చెయ్యడం దగ్గర ఆగిపోతోంది. తప్పేం కాదు, మేం చేస్తున్నదీ అదే. కానీ పంతులు గారి జీవితం ఇంకొక మాట అడుగుతుంది. నీకు వచ్చింది నీ తర్వాత ఎవరికి వస్తుంది అని.

అది సంగీతమే కానక్కర్లేదు. మీ నాయనమ్మ పాడే మంగళహారతి కావచ్చు. మీ తాతగారు చెప్పే విష్ణుసహస్రనామం కావచ్చు. సంక్రాంతికి అమ్మ వేసే ముగ్గు కావచ్చు. రికార్డు చేసి ఫోన్‌లో పెట్టుకుంటే అది భద్రంగా ఉన్నట్టు మనకి అనిపిస్తుంది. భద్రంగా ఉండేది ఫైలు మాత్రమే. అది మీ నోటికి వచ్చి, మీ నుంచి ఇంకొకరి నోటికి వెళ్తేనే పరంపర. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి, ఒకరు తప్పు పాడాలి, ఇంకొకరు ఓపిగ్గా దిద్దాలి. పంతులు గారు జీవితమంతా చేసింది అంతే.

ఈసారి తెనాలిలో రైలెక్కితే గంటలోపే విజయవాడ వస్తుంది. కృష్ణ వంతెన మీద రైలు వెళ్తున్నప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో బాలమురళి గారి కంఠంలో ఒక త్యాగరాజ కృతి పెట్టుకోండి. వింటూ వెనక్కి లెక్కపెట్టండి. బాలమురళి గారు, పారుపల్లి వారు, సుసర్ల వారు, మానంబుచావడి వారు, త్యాగయ్య గారు. ఐదుగురు మనుషులు. నోటి నుంచి చెవికి నాలుగే అడుగులు. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ పాట ఆ రూపంలో మన దాకా వచ్చేది కాదు.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం. అంతవరకు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక్క పాటైనా, ఒక్క శ్లోకమైనా కూర్చుని నేర్చుకోండి.

సర్వం శ్రీ సద్గురు చరణారవిందార్పణమస్తు.